మాంటిసోరి బడి ఎవరి పిల్లల కోసం పుట్టింది?

ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో నాలుగు వీధులు తిరిగితే 'మాంటిసోరి' అనే పేరున్న బోర్డు ఒకటైనా కనిపిస్తుంది. ఆ పేరు వినగానే మన వాడల్లోని తల్లిదండ్రులకు గుర్తొచ్చేవి టై, బూట్లు, ఇంగ్లీషు రైములు, ఫీజు రశీదు. అది పెద్దోళ్ల పిల్లలు చదివే బడి అని మనవాళ్లు అనుకుంటారు. వాళ్లు అనుకోవడంలో తప్పేమీ లేదు, వందేళ్లలో ఆ పేరు చేరుకున్న చోటు అదే. అయితే అది పుట్టిన చోటు వేరు. రోమ్ నగరంలో ఒక పేదవాడలో, చదువురాని కూలీల పిల్లల మధ్య అది పుట్టింది. పేదల గదిలో పుట్టిన చదువు పేదలకే అందకుండా ఎట్లా పోయింది? కులం ఉన్న దేశంలోకి వచ్చాక దానికేమైంది? దాన్ని దళిత బహుజనులు ఎట్లా చూడాలి? ఈ మూడు ప్రశ్నలనూ చరిత్రలో పెట్టి చూడాలని మా ప్రయత్నం.

విద్య గురించిన మన చర్చలు ఎక్కువగా విశ్వవిద్యాలయం గేటు దగ్గర మొదలవుతాయి. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు మనం కొట్లాడి తెచ్చుకున్నవి, కాపాడుకోవాల్సినవి. కానీ ఆ గేటు దాకా రాకుండానే రాలిపోయిన పిల్లల కథ ఎక్కడ మొదలవుతుంది? మూడేళ్ల వయసులోనే మొదలవుతుంది. మూడు నుంచి ఆరేళ్ల మధ్య ఒక పిల్ల చేతికి బొమ్మ, రంగు, పుస్తకం దొరుకుతాయి. ఇంకొక పిల్ల చంకకు చంటి తమ్ముడు దొరుకుతాడు. ఒకటో తరగతిలో ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి, ఆరు నెలలకే ఒకరిని 'చురుకైంది' అనీ, ఇంకొకరిని 'మొద్దు' అనీ పిలుస్తారు. తర్వాత ఆ మొద్దుతనాన్ని కులానికి అంటగడతారు. అందుకే పసిపిల్లల చదువు గురించి మాట్లాడటం మనకు పక్కపని కాదు.

'చదువు రాదు' అన్న పిల్లలు

మరియా మాంటిసోరి 1870లో ఇటలీలోని కియారవల్లె అనే ఊళ్లో పుట్టింది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్యంలో పట్టా తీసుకుంది. వైద్యం చదివిన ఆడవాళ్లు ఆ దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజులవి. మానసిక వైద్యశాలలో పనిచేస్తున్నప్పుడు, పిచ్చాసుపత్రుల్లో పెద్దవాళ్లతో కలిపి పడేసిన బుద్ధిమాంద్యం పిల్లలను ఆమె చూసింది. వాళ్లకు చదువు రాదని అప్పటి సమాజం తేల్చేసి ఉంది. వాళ్లకు మందు కన్నా ముందు కావలసింది చేతికి పని, కంటికి వస్తువు అని ఆమెకు తోచింది.

ఈ దారిలో ఆమెకన్నా ముందు నడిచినవాళ్లు ఇద్దరు ఫ్రెంచి వైద్యులు. అడవిలో దొరికిన ఒక కుర్రవాడికి మాట నేర్పాలని పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఏళ్ల తరబడి కష్టపడిన ఇటార్ ఒకరు. ఆయన శిష్యుడు సెగాన్ ఇంకొకరు. వస్తువులను ముట్టుకోవడం ద్వారా, కండరాల కదలిక ద్వారా బుద్ధిని మేల్కొల్పవచ్చునని సెగాన్ చూపించాడు. మాంటిసోరి ఈ ఇద్దరి రచనలనూ తన చేత్తో ఇటాలియన్ భాషలోకి రాసుకుని మరీ చదివింది. 1900లో రోమ్‌లో ఇట్లాంటి పిల్లల కోసం ఆర్థోఫ్రెనిక్ బడి మొదలైంది. దాన్ని నడిపినవాళ్లలో ఆమె ఒకరు. ఆమె దగ్గర నేర్చుకున్న పిల్లలు కొందరు మామూలు పిల్లలతో పాటు ప్రభుత్వ పరీక్షకు కూర్చుని పాసయ్యారు. జనం దాన్ని అద్భుతమన్నారు. ఆమె మాత్రం ప్రశ్నను తిరగేసింది. వీళ్లు వాళ్లతో సమానంగా రాయగలిగారంటే, ఆరోగ్యంగా ఉన్న పిల్లలను అంత కిందనే ఆపి ఉంచుతున్న మామూలు బడిలో ఏం లోపముంది అని అడిగింది.

లోపాన్ని పిల్లలో వెతకకుండా బడిలో వెతకడం - ఇదీ ఆమె నుంచి మనం తీసుకోవాల్సిన మొదటి పాఠం. మన పిల్లలు బడి మానేస్తే తండ్రి తాగుడు, ఇంటి వాతావరణం, 'వాళ్ల బుర్ర' అని కారణాలు ఏకరువు పెట్టే పండితులకు ఈరోజుకీ కొదవలేదు. బడిని బోనులో నిలబెట్టినవాళ్లు తక్కువ.

శాన్ లొరెంజో, 1907

శాన్ లొరెంజో రోమ్‌లోని ఒక పేదవాడ. 1880లలో భూముల వ్యాపారులు లాభాల ఆశతో అక్కడ పెద్ద పెద్ద భవనాలు లేపారు. వ్యాపారం కుప్పకూలగానే వాటిని సగంలో వదిలేశారు. బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన కూలీలు, పని దొరకనివాళ్లు ఆ మొండిగోడల మధ్య కిక్కిరిసి బతికారు. తర్వాత ఒక గృహవసతి సంస్థ వాటిని తీసుకుని, బాగుచేసి, అద్దెలకిచ్చింది. తల్లీతండ్రీ పొద్దున్నే పనికి పోతే, బడి ఈడు రాని పిల్లలు మెట్లమీదా వసారాల్లోనూ ఆడి గోడలు పాడుచేస్తున్నారని సంస్థకు దిగులు పట్టుకుంది. ఈ పిల్లలను ఒక గదిలో కూర్చోబెట్టే మనిషి ఉంటే మరమ్మతు ఖర్చు మిగులుతుంది గదా అని లెక్క వేసుకుంది. ఆ పని కోసం మాంటిసోరిని పిలిచారు. 1907 జనవరి 6న 'కాసా దెయ్ బంబీని', అంటే పిల్లల ఇల్లు, యాభైమంది దాకా పిల్లలతో మొదలైంది.

అంటే ఇంటి యజమాని గోడల కోసం పుట్టిన బడి ఇది. దాని నిబంధనలను మాంటిసోరే తన పుస్తకంలో అచ్చువేసింది. అద్దెకున్న వాళ్లు ఫీజు కట్టక్కర్లేదు. అయితే పిల్లలను శుభ్రంగా పంపాలి. తల్లి వారానికి ఒక్కసారన్నా వచ్చి పంతులమ్మతో మాట్లాడాలి. మురికిగా పంపితే ఆ పిల్లను తీసేస్తారు. శుభ్రత మంచిదే. కానీ ఇంట్లో నీళ్లున్నాయా అని అడగకుండా శుభ్రత ఉందా అని అడగడం యజమాని భాష. మన వాడలకు ఈ భాష బాగా తెలుసు. ఊరి బావిగట్టు ఎక్కనివ్వనివాళ్లే, బడి గడప దగ్గర నిలబడి 'మీరు నీళ్లు పోసుకోరు' అని వెక్కిరించారు.

అయినా ఆ గదిలో జరిగింది యజమాని లెక్కలను దాటిపోయింది. అక్కడ పెట్టిన మనిషి శిక్షణ పొందిన పంతులమ్మ కూడా కాదు. మాంటిసోరి ఆమెకు చెప్పింది ఒక్కటే: వస్తువులు ఎట్లా వాడాలో చూపించు, తర్వాత పిల్లలకు అడ్డం రావద్దు. సంపన్నుల ఇళ్ల నుంచి దానంగా వచ్చిన ఆటబొమ్మలను పక్కకు నెట్టి, చెక్క గుంటల్లో గుండ్రటి బిళ్లలు అమర్చడం, పేర్చడం, తుడవడం, గుండీలు పెట్టుకోవడం వంటి పనుల్లో పిల్లలు గంటల తరబడి మునిగిపోయారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. ఆరేళ్లలోపు పిల్లలకు అక్షరాలు అక్కర్లేదన్నది మొదట్లో మాంటిసోరి అభిప్రాయం. చదువురాని తల్లులు వచ్చి, మా పిల్లలకు రాయడం నేర్పండమ్మా అని బతిమాలారు. పిల్లల ఆరాటం, ఆ తల్లుల పట్టు చూశాకే ఆమె అక్షరాల పని మొదలుపెట్టింది. అంతకుముందు వాడిన చెక్క అక్షరాలు ఖరీదైనవి కాబట్టి వాటి బదులు గరుకు కాగితం, అంటే సాండ్ పేపర్, కత్తిరించి అట్టమీద అంటించింది. కొద్ది నెలల్లో నాలుగైదేళ్ల పిల్లలు నేలమీద, గోడమీద రాయడం మొదలుపెట్టారు. దీన్ని చూడటానికే ప్రపంచం రోమ్‌కు వచ్చింది. ఇవాళ ఏ మాంటిసోరి బడిలో చూసినా కనిపించే ఆ గరుకు అక్షరం వెనక, అక్షరం రాని కూలి ఆడవాళ్ల డిమాండు ఉంది. చరిత్రలో డాక్టరమ్మ పేరు మిగిలింది. తల్లుల పేర్లు మిగల్లేదు. చరిత్ర రాసే తీరు అక్కడైనా ఇక్కడైనా ఒకటే.

ముట్టుకోవడమే చదువు

మాంటిసోరి పద్ధతిని విద్వాంసులు చాలా గంభీరంగా చెప్తారు. తేలిక మాటల్లో అది ఇదీ. పిల్లలు వినడం వల్ల కన్నా చేతుల వల్ల ఎక్కువ నేర్చుకుంటారు. బల్లలు, కుర్చీలు, అలమరాలు పిల్లలకు అందే ఎత్తులో ఉండాలి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి ఉండాలి, పెద్ద పిల్లలను చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారు. బహుమతి లేదు, బెత్తం లేదు. ఒక్కో వస్తువూ గదిలో ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇంకొకరు దాన్ని వాడుతుంటే ఆగడం అలవాటవుతుంది. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది గులాబీ రంగు ఘనాలు పేర్చితే పెద్ద, చిన్న తేడా చేతికి తెలుస్తుంది. తప్పు పేరిస్తే అది కంటికే కనిపిస్తుంది, పంతులు తిట్టాల్సిన పనిలేదు. గరుకు అక్షరం మీద వేలు నడిపిస్తే ఆ ఆకారం చేతి కండరంలో నిలుస్తుంది, ఆ తర్వాత రాయడం దానంతటదే వస్తుంది.

వేలితో అక్షరం దిద్దడం మన నేలకు కొత్త కాదు. వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవాళ్లు. 1790ల నాటికే మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ అనే పాదిరి ఈ ఇసుక రాతను ఇక్కడి బడుల్లో చూసి, ఇంగ్లండుకు మోసుకుపోయాడు. అది 'మద్రాసు పద్ధతి'గా పేరుకెక్కింది. అంటే స్పర్శతో చదువు మన దగ్గర ఉంది. ఆ ఇసుకలో ఎవరి వేలు దిగొచ్చు అన్న దగ్గరే కులం కాపలా కాసింది.

ఇక్కడే మేము ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాం. మాంటిసోరి బడికి మూలస్తంభం ముట్టుకోవడం. కుల సమాజానికి మూలస్తంభం ముట్టుకోనివ్వకపోవడం. ఒక బడిలో పిల్ల చెయ్యి చాపితే అది చదువు, ఇంకొక బడిలో అదే పిల్ల చెయ్యి చాపితే అది మైల. ప్రపంచంలో ఇంకే దేశంలోకి పోయినా ఈ పద్ధతికి బీదరికం అడ్డమొచ్చింది. మన దేశంలో దానికి ఎదురొచ్చింది తన ప్రాణసూత్రానికే విరోధి అయిన వ్యవస్థ. ఈ వైరుధ్యం గురించి మన విద్యావేత్తల పుస్తకాల్లో పెద్దగా చర్చ కనిపించదు.

నీళ్ల చెంబు, చీపురుకట్ట

మాంటిసోరి గదిలో 'నిత్యజీవిత పనులు' అని ఒక భాగముంటుంది. పిల్ల ఒక చిన్న కూజాలోంచి గ్లాసులోకి నీళ్లు ఒంపుతుంది. ఊడుస్తుంది. బల్ల తుడుస్తుంది. గిన్నె కడుగుతుంది. చేతి అదుపు, ఏకాగ్రత, తన పని తాను చేసుకోగలనన్న ధీమా వీటివల్ల వస్తాయని ఆమె చెప్పింది. ఇది నిజం. అయితే ఈ రెండు పనులనూ, నీళ్లు ఒంపడాన్నీ ఊడ్వడాన్నీ, కులం ఎట్లా పంచిందో చూడండి.

శాన్ లొరెంజో గది తెరుచుకున్న 1907లోనే బాబాసాహెబ్ అంబేడ్కర్ బొంబాయిలో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. అంతకు ముందు సతారా బడిలో తాను ఎట్లా చదివిందీ ఆయన తన జ్ఞాపకాల్లో రాశారు. క్లాసులో కూర్చోవడానికి ఇంటినుంచి గోనెపట్టా తెచ్చుకోవాలి. ఆ పట్టాను బడి ఊడ్చే మనిషి కూడా ముట్టడు. దాహమేస్తే కుళాయి తిప్పుకోకూడదు, బంట్రోతు వచ్చి తిప్పితేనే నీళ్లు. బంట్రోతు లేని రోజు నీళ్లు లేవు. రోమ్‌లో కూలివాళ్ల పిల్ల తన చేత్తో నీళ్లు ఒంపుకోవడమే పాఠమైన కాలంలో, సతారాలో ఒక సుబేదారు కొడుకు నీళ్లను ముట్టుకోకపోవడమే పాఠం.

చీపురు సంగతి దీనికి తలకిందులు. మాలో చాలామందిమి మా ఇళ్లలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లం. మా చిన్నప్పటి బడుల్లో ఎవరి చేతికి చీపురు వచ్చేదో, ఎవరిని నీళ్ల కుండ దగ్గరకు పంపేవాళ్లో మాకు ఎవరూ పుస్తకంలో చూపించనక్కర్లేదు. అదంతా పాతకాలం ముచ్చట అనేవాళ్లకు ఒక ఉదాహరణ చాలు. 2022లో తమిళనాడులోని ఈరోడ్ జిల్లాలో దళిత పిల్లలతో మరుగుదొడ్లు కడిగించినందుకు ఒక ప్రధానోపాధ్యాయురాలిని అరెస్టు చేశారు. అందరు పిల్లలూ వంతులవారీగా ఊడిస్తే ఆ చీపురు శ్రమ గౌరవం నేర్పుతుంది. కొందరి పిల్లలే ఊడిస్తే అదే చీపురు కులాన్ని నేర్పుతుంది. చీపురు పట్టని పిల్లవాడికి కూడా అది పాఠమే. 'ఈ పని నాది కాదు' అని వాడు ఐదేళ్లకే నేర్చుకుంటాడు.

కాబట్టి 'శ్రమ విలువ నేర్పుతున్నాం' అనే మాటను మనం ఊరికే ఒప్పుకోకూడదు. ఎవరికి నేర్పుతున్నారు? తరతరాలుగా ఊరు ఊడ్చిన వాళ్ల పిల్లకు ఊడ్వడంలో కొత్తగా నేర్చుకునేదేముంది? ఆ పిల్లకు ముందు దక్కాల్సింది నీళ్ల కూజా, గులాబీ ఘనం, గరుకు అక్షరం. చీపురు ముందుగా పోవాల్సింది దాన్ని ఎన్నడూ ముట్టని ఇంటి పిల్లవాడి చేతికి. పద్ధతి అందరికీ ఒకటే అయినా, కుల సమాజంలో దాని వరుస అందరికీ ఒకటి కాదు.

పేదవాడ నుంచి మేడకు

1909లో మాంటిసోరి తన పద్ధతిని పుస్తకంగా రాసింది. 1912లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికాలో మొదటి మాంటిసోరి బడి 1911లో న్యూయార్క్ దాపున సంపన్న కుటుంబాల పిల్లలతో మొదలైంది. బోధన వస్తువులకు పేటెంట్ తీసుకుని, కంపెనీ ద్వారా అమ్మారు. నాలుగేళ్లలోనే కూలీల గది కలిగినవాళ్ల సరుకైపోయింది.

అక్కడే విమర్శ కూడా వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయ ఉపాధ్యాయ కళాశాలలో పనిచేసిన కిల్పాట్రిక్ 1914లో ఒక పుస్తకం రాసి, ఈ పద్ధతిలో పిల్ల తన పని తాను చేసుకుంటుందే గాని నలుగురితో కలిసి చేసే పనికి చోటు తక్కువని అన్నాడు. ఆయన జాన్ డ్యూయీ శిష్యుడు. సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1913 నుంచి 1916 దాకా, అంబేడ్కర్ కొలంబియాలో చదువుతూ డ్యూయీ పాఠాలు విన్నారు. ప్రజాస్వామ్యం అంటే కలిసి బతకడం అన్న ఆలోచనకు ఆయన రచనల్లో ఎంత చోటుందో మనకు తెలుసు. ఆ వెలుగులో చూస్తే కిల్పాట్రిక్ విమర్శ మనకూ పనికొస్తుంది. ఎవరి చాప మీద వాళ్లు, ఎవరి పని వాళ్లు అన్న ఏర్పాటు స్వేచ్ఛలా కనిపించవచ్చు. కులమున్న చోట అది వేరు కూర్చోబెట్టడానికి మర్యాదైన ముసుగు కూడా కావచ్చు.

ఇటలీలో 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఈ బడులకు అండగా నిలబడింది. తర్వాత పొత్తు కుదరక 1934లో వాటిని మూసేసింది. మంచి పద్ధతి అయినంత మాత్రాన దానికి రాజకీయాలు అంటవని అనుకోవద్దు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పని చేస్తుంది.

అడయారు దాకా వచ్చి

మాంటిసోరి ఇక్కడికి రాకముందే ఆమె పద్ధతి వచ్చింది. 1920లో గిజుభాయి బధేకా గుజరాతులోని భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. వకీలు పని మానుకుని పిల్లల మధ్య కూర్చున్న మనిషి. కథలు, పాటలు, ఇక్కడి వస్తువులు చేర్చి పద్ధతిని దేశీయం చేశాడు.

1931 అక్టోబరు 28న గాంధీ లండన్‌లో మాంటిసోరి శిక్షణ కళాశాలలో మాట్లాడుతూ, ఈ చదువు కలిగినవాళ్ల పిల్లలకే గాక నిరుపేదల పిల్లలకూ అందాలని కోరాడు. మంచి కోరికే. అయితే ఆయన లండన్ వచ్చింది రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి. అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు కావాలని అంబేడ్కర్ అడుగుతుంటే, కుదరదని గాంధీ పట్టుబట్టింది ఆ సమావేశంలోనే. నిరుపేద పిల్లకు చదువు కోరిన మనిషే, ఆ పిల్ల తండ్రి తన ప్రతినిధిని తానే ఎన్నుకుంటానంటే ఒప్పుకోలేదు. దయకూ హక్కుకూ ఉన్న తేడా ఇదే.

1939 నవంబరులో, 69 ఏళ్ల వయసులో, మాంటిసోరి కొడుకు మారియోతో కలిసి మద్రాసు వచ్చింది. పిలిచింది దివ్యజ్ఞాన సమాజం, జార్జి అరుండేల్, రుక్మిణీదేవి. అడయారులో జరిగిన మొదటి శిక్షణకు మూడు వందలమంది దాకా వచ్చారు. మరుసటేడు ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిషువాళ్లు ఆ తల్లీకొడుకులను శత్రుదేశస్థులుగా నిర్బంధించి, కొద్ది నెలలకు మారియోను వదిలారు. మధ్యలో కొడైకెనాల్‌లో కొన్నేళ్లు గడిపి, అక్కడక్కడా తరగతులు చెప్పి, యుద్ధం ముగిశాక యూరపు వెళ్లి మళ్లీ వచ్చి, 1949 దాకా ఆమె ఇక్కడ పనిచేసింది. ఆ కాలంలో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు తయారయ్యారు. ఆమె చివరి దశ ఆలోచనలు చెప్పే 'అబ్సార్బెంట్ మైండ్' పుస్తకం 1949లో అడయారు నుంచే వెలువడింది.

అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాజధానిలోనివే. ఆమె ఇటాలియన్‌లో చెప్తే మారియో ఇంగ్లీషులో చెప్పేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి దేశంలో ఏదో ఒక భాషలో అక్షరమ్ముక్క వచ్చినవాళ్లే నూటికి పదిమంది లేరు. ఇంగ్లీషు అర్థమయ్యేవాళ్లు, నెలల తరబడి మద్రాసులో ఉండి నేర్చుకోగలిగినవాళ్లు ఏ మెట్టు మీద నుంచి వచ్చి ఉంటారో లెక్క కట్టడం కష్టమేమీ కాదు.

మనకు ఇంకొక సంగతి ముఖ్యం. అదే అడయారులో, అదే సమాజం స్థాపకుల్లో ఒకరైన కర్నల్ ఆల్కాట్ 1894లోనే 'పంచమ' పిల్లలకు ఉచిత పాఠశాల తెరిచాడు. మాంటిసోరి వచ్చేనాటికి ఆ బడి మొదలై 45 ఏళ్లు. ఇటు హైదరాబాదులో ఆది హిందువుల పిల్లల కోసం పాఠశాలలు పెట్టి నడిపిన భాగ్యరెడ్డి వర్మ 1939 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అంటే దక్షిణాదిలో అంటరాని పిల్లల చదువుకు అప్పటికే ఒక చరిత్ర ఉంది. మాంటిసోరి చరిత్ర పుస్తకాల్లో ఆ చరిత్రకు చోటు దొరకలేదు. రోమ్‌లో పేదవాడలో పుట్టిన పద్ధతి మద్రాసులో తోటల మధ్య దిగి, పక్కనే ఉన్న పేట మీదుగా కాక పట్టణ మధ్యతరగతి మీదుగా ప్రయాణం సాగించింది.

వాకిట్లోకి వచ్చిన బడి

ఈ దారికి ఎదురు నడిచిన ప్రయోగం ఒకటుంది. భావనగర్‌లో గిజుభాయితో పనిచేసిన తారాబాయి మోడక్, 1945లో ఠాణా జిల్లాలోని బోర్డీ అనే పల్లెకు మారింది. ఆమెతో అనుతాయి వాఘ్ చేరింది. ఊళ్లో బడి పెడితే అట్టడుగు వాడల పిల్లలు, ఆదివాసీ పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారనే ఆశ నిలవలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరకు పోవాలని వాళ్లు నిర్ణయించుకున్నారు. ఇళ్ల ముందు వాకిట్లో బడి నడిపారు. అంగణం అంటే వాకిలి, అందుకే అది అంగణవాడి. ఖరీదైన చెక్క వస్తువుల బదులు గింజలు, ఆకులు, గవ్వలు, గులకరాళ్లు వాడారు. 1950లలో కోస్‌బాడ్ కొండకు మారాక, పశువులు కాసే వార్లీ పిల్లల కోసం పచ్చిక బయళ్లలోనే బడి పెట్టారు.

మాంటిసోరి పద్ధతి మన దేశంలో తన పుట్టుకకు దగ్గరగా వచ్చింది ఇక్కడే. దీనికీ హద్దులున్నాయి. పోయినవాళ్లు బయటివాళ్లు, వార్లీలు అందుకునేవాళ్లు. 1882లో హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే అడిగింది ఇంకో మెట్టు పైది. నాగలి పట్టడానికి సిగ్గుపడని శ్రామిక కులాల నుంచే పంతుళ్లను తయారుచెయ్యాలన్నారాయన. పద్ధతి వాకిట్లోకి వచ్చినా, పంతులు ఆ వాకిలిదాకా పుట్టుకొచ్చినప్పుడే అది మనదవుతుంది.

రెండు గదులు

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలుపెట్టింది. అంగన్‌వాడీ అనే పేరు దేశమంతా పాకింది. పేరు వచ్చింది గాని ప్రయోగం రాలేదు. అన్నం, గుడ్డు, టీకా, బరువు తూకం - ఇవన్నీ మన పిల్లలకు ప్రాణావసరాలే. చదువు మాత్రం చివరి పనిగా మిగిలింది.

ఇంకోపక్క 'మాంటిసోరి' పేరు పట్టణాల్లో పెరిగింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో ఆ పేరుతో మొదలుపెట్టిన బడి తర్వాత మహిళా కళాశాల దాకా ఎదిగింది. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఆమె పని వేరు, ఆ తర్వాత సందుసందుకూ వెలిసిన బోర్డుల సంగతి వేరు. చాలాచోట్ల గులాబీ ఘనమూ లేదు, గరుకు అక్షరమూ లేదు. మూడేళ్ల పిల్లను బెంచీకి అతికించి ఇంగ్లీషు కాపీ రాయించడమే మాంటిసోరి అయింది.

రాజ్యం ఈ వయసును ఎట్లా చూసిందో చట్టమే చెప్తుంది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్లలోపు పిల్లలను ఆదేశిక సూత్రాల్లోకి, అంటే కోర్టుకెక్కి అడగలేని చోటికి, నెట్టింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన విద్యాహక్కు చట్టం కూడా అదే గీత గీసింది. 2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచే చదువు అని చెప్పింది గాని అది విధానమే, హక్కు కాదు.

ఆ చదువు చెప్పాల్సిన అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. వాళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడానికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు కావలసి వచ్చింది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేస్తే, ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. చూడండి విచిత్రం: సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ.

మనం అడగాల్సింది

మాంటిసోరి పరాయిది, మధ్యతరగతిది అని వదిలేస్తే లాభపడేది మనం కాదు. అది కూలి తల్లులు అడిగితే అక్షరంగా మారిన చదువు. దాని మీద మొదటి హక్కు మనలాంటివాళ్లదే. అట్లాగని దాన్ని నెత్తిన పెట్టుకోనూ అక్కర్లేదు. పిల్లల గది ఏదైనా, బోర్డు మీద ఏ పేరున్నా, మనం కొన్ని ప్రశ్నలతో లోపలికి పోవాలి.

నీళ్ల కూజా ఎవరి చేతిలో ఉంది, చీపురు ఎవరి చేతిలో ఉంది? ఒకే చాప మీద ఎవరెవరు కూర్చున్నారు? వస్తువులు అలమరాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లలకు అందుతున్నాయా? మన ఇంటి మాట ఆ గదిలో చెల్లుతుందా, దాన్ని దిద్ది నోరు మూయిస్తున్నారా? కేంద్రం ఊరి మధ్య ఉందా, పల్లెలో ఉందా, పల్లెలో ఉంటే ఊరి పిల్లలు అక్కడికి వస్తున్నారా? టీచరుకు చదువు చెప్పే శిక్షణ, దానికి తగ్గ జీతం ఉన్నాయా? ఆ టీచరు మన ఆడబిడ్డ అయినప్పుడు ఆమె చేతి అన్నం అందరి పిల్లలూ తింటున్నారా?

వీటిని అడగడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మన ఊరి అంగన్‌వాడీ దగ్గరకు ఒక పొద్దున పోయి, ఒక గంట కూర్చుని చూస్తే చాలు. ఉపాధ్యాయులు, విద్యార్థి సంఘాలు, వాడల్లోని మహిళా సంఘాలు ఈ పని చెయ్యాలి. చూసింది రాయాలి, రాసింది గ్రామసభలో చదవాలి. మూడేళ్ల నుంచి చదువు హక్కు కావాలి, అంగన్‌వాడీ టీచరుకు జీతం కావాలి అన్న డిమాండ్లు రిజర్వేషన్ డిమాండు పక్కన నిలబడాలి. 1907లో రోమ్ పేదవాడలో తల్లులు ఎవరి అనుమతీ తీసుకోకుండా వచ్చి, మా పిల్లలకు అక్షరం కావాలని అడిగారు. మన తల్లులు అంతకన్నా ఎక్కువ అడగాలి, మనం వాళ్ల పక్కన నిలబడి అడగాలి.